తడి ఆరేదాకా

(విశాఖపట్నంలో ఒక ఆదివారం ఉదయం, నీళ్లరంగులు కొత్తగా మొదలుపెడుతున్నవాళ్ల ముందు చేసిన ప్రసంగం. రికార్డు విని రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. మొదలుపెట్టే ముందు ఒక మనవి. ఎవరైనా లేచి ఆ రెండు ఫ్యాన్లూ ఆపుతారా? తిట్టుకోకండి. ఉక్కగా ఉందని నాకూ తెలుసు, నా చొక్కా చూస్తే మీకే అర్థమవుతుంది. కానీ ఇప్పుడు మీ ఎదురుగా ఈ కాగితం మీద నీలం పూత ఒకటి వేయబోతున్నాను. ఫ్యాను గాలి తగిలితే అది ఒక పక్క ముందే ఆరిపోయి, ఇంకో పక్క తడిగా ఉండిపోతుంది. నేను మాట్లాడినంతసేపూ ఇది ఈ బల్ల మీదే ఉంటుంది. ఎప్పుడు ఆరుతుందో అందరం కలిసి చూద్దాం.

వేస్తున్నాను, చూడండి. అట్ట కింద ఒక వైపు డిక్షనరీ పెట్టాను, పైభాగం కాస్త ఎత్తుగా ఉండటానికి. రంగు ముందే గిన్నెలో కలిపి ఉంచాను, కావలసినదానికి రెట్టింపు. సగంలో అయిపోతే మళ్లీ అదే రంగు కలపడం బ్రహ్మదేవుడి వల్ల కూడా కాదు. కుంచె నిండా ముంచి, పైన ఈ చివర నుంచి ఆ చివరికి ఒక గీత. గీత కింది అంచున రంగునీళ్లు చేరి ఉబ్బుగా నిలబడ్డాయి, కనబడుతున్నాయా? వెనకవాళ్లు కావాలంటే ముందుకు రండి. ఆ నీటిని తాకుతూ దాని కిందే ఇంకో గీత. నీరు కిందికి జారింది. మళ్లీ గీత. ఇలా ఆ నీటిని మెల్లగా కిందికి దించుకుంటూ రావడమే. పైకి మళ్లీ వెళ్లకూడదు. అదిగో, అక్కడ చిన్న తెల్లచుక్క మిగిలిపోయింది. దాన్ని పూడ్చేద్దామని నా చెయ్యి లాగుతోంది. పూడ్చను. ఆఖరి గీత కింద నిలిచిన నీటిని మాత్రం పిండేసిన కుంచెతో పీల్చేస్తున్నాను. వదిలేస్తే ఆరేటప్పుడు అది వెనక్కి పాకుతుంది.

అయిపోయింది. టైమెంతయింది? పదిన్నరా? ఎవరైనా గుర్తుపెట్టుకోండి.

నేను ఆర్టిస్టుని కాను. ముప్ఫై ఏళ్లు ఒక షిప్పింగ్ ఏజెన్సీలో లెక్కలు రాసినవాణ్ని. 2011లో, నా యాభై రెండో ఏట, పక్కింటి పిల్ల మా ఇంట్లో మరిచిపోయిన పన్నెండు రంగుబిళ్లల, అంటే కేకుల, డబ్బాతో ఈ పిచ్చి పట్టింది. తర్వాత ఒక చోట క్లాసులో చేరాను. పేరెందుకు లెండి. మొదటి రోజే అరకు జలపాతం ఫోటో ఒకటి చేతికిచ్చి వేయమన్నారు. వేశాను. జలపాతం బదులు సున్నం కారిన గోడ వచ్చింది. రెండో వారం ఇంకో ఫోటో ఇచ్చారు. నాలుగు వారాలు వెళ్లి మానేశాను. నీళ్లు ఎంత, కాగితం ఏ మాత్రం తడిగా ఉంది అన్న మాట ఆ నాలుగు వారాల్లో ఒక్కసారి కూడా నా చెవిన పడలేదు. అందుకే ఇవాళ నేను ఎక్కువగా తడి గురించే మాట్లాడతాను. రంగుల గురించి కొంచెం చెబుతాను. బొమ్మ గీయడం గురించి దాదాపు ఏమీ చెప్పను.

మా అమ్మ సాయంత్రం దండెం మీద నుంచి బట్టలు తీసేటప్పుడు ఒక్కొక్కటీ చెంపకి ఆనించి చూసేది. చేతికి ఆరినట్టే తెలిసే బట్ట చెంపకి చల్లగా తగులుతుంది. చల్లగా ఉంటే మళ్లీ దండెం మీదే. మన ఊళ్లో బట్టలు ఆరేసే ప్రతి ఇల్లాలికీ ఈ సంగతి తెలుసు. మన గాలిలో తేమ చాలా రోజులు 70 శాతం పైనే ఉంటుంది. మా తోడల్లుడు అనంతపురంలో ఉంటాడు. మార్చి నెలలో అక్కడ వాళ్ల డాబా మీద కూర్చుని పూత వేస్తే, నేను కుంచె కడుక్కునేలోపు ఆరిపోయింది. అదే పూత ఇక్కడ మా బాల్కనీలో ఆగస్టులో వేస్తే, టిఫిన్ చేసి పేపరు చదివి వచ్చినా చెమ్మగానే ఉంటుంది.

కాగితం కూడా బట్టలాంటిదే. పూత వేసిన వెంటనే నీళ్లు నిలిచి ఉంటాయి. కాసేపటికి కాగితం నీళ్లు తాగుతుంది, కానీ పైన మెరుపు ఉంటుంది. పక్కనుంచి, కిటికీ వైపు తల వంచి చూస్తే అద్దంలా నిగనిగలాడుతుంది. ఆ మెరుపు ఉన్నంతసేపు ఇంకో రంగు పెట్టొచ్చు. అది మెత్తగా, అంచులు లేకుండా పాకుతుంది. మబ్బులు, పొగమంచు, దూరపు కొండలు అప్పుడే వేయాలి. పూర్తిగా ఆరాక పెట్టిన రంగు కదలదు. అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది. ఇళ్లు, తాటిచెట్లు, స్తంభాలు, మనుషులు అప్పుడు వేయాలి. ఈ రెండు వేళల్లోనూ భయం లేదు.

ప్రమాదమంతా మధ్యలో ఉంది. మెరుపు పోయింది, కానీ లోపల చెమ్మ ఉంది. చూడటానికి ఆరినట్టే ఉంటుంది. మనకేమో మహా ఆత్రం. అదిగో ఆ మూల కాస్త పాలిపోయింది, ఇంకొంచెం రంగు పెడదామని కుంచె ఆనిస్తాం. ఆ కుంచెలో ఉన్న నీరు చెమ్మ మీదికి పాకుతూ, అక్కడ అప్పుడే కుదురుకుంటున్న రంగును ముందుకు తోసుకుంటూ పోయి, ఎక్కడో ఒక చోట ఆగిపోతుంది. తోసుకెళ్లిన రంగంతా ఆ అంచున పేరుకుంటుంది. ఆరాక చూస్తే కోసిపెట్టిన కాలీఫ్లవర్. వేసేవాళ్లు దాన్ని అలాగే పిలుస్తారు కూడా. మీలో చాలామందికి ఈపాటికి అది వచ్చే ఉంటుంది. వచ్చినవాళ్లు చెయ్యెత్తండి. చూశారా, సగం హాలు. ఎత్తనివాళ్లు ఇంకా మొదలుపెట్టి ఉండరు. (నవ్వులు)

దీనికి మందు ఒకటే. కెలకొద్దు. ఉడుకుతున్న అన్నాన్ని కెలికితే ఏమవుతుందో ఇదీ అంతే. ఆరిందా లేదా అన్న అనుమానం వస్తే అరచేత్తో తాకొద్దు, అరచేతికి చెమట, జిడ్డు ఉంటాయి. చేతి వెనక భాగాన్ని కాగితానికి మెల్లగా ఆనించండి. చల్లగా తగిలితే ఇంకా చెమ్మ ఉన్నట్టే. మా అమ్మ చెంప పరీక్షే ఇది.

చెమట అన్నాను కాబట్టి చెబుతున్నాను. ఏ పుస్తకంలోనూ నాకు కనబడని సంగతి ఇది, మన ఊరి సంగతి. మే నెలలో మీరు వంగి ఆకాశం వేస్తుంటారు. నిజంగా బాగా వస్తుంటుంది. అప్పుడు ముక్కు చివర నుంచి ఒక్క చుక్క. సరిగ్గా సూర్యుడి పక్కన పడుతుంది. నాకు ఇలాంటి ఆకాశాలు ఓ డజను ఉన్నాయి. నుదుటికి తువ్వాలు కట్టుకోండి, సిగ్గు పడకండి. చెయ్యి ఆనించే చోట కాగితం మీద ఇంకో కాగితం ముక్క వేసుకోండి.

ఇక రంగు చిక్కదనం. కాగితం తడి ఒక లెక్క, కుంచెలోని తడి ఇంకో లెక్క. రెండూ కలిపి చూసుకోవాలి. నేను దీన్ని వంటింటి భాషలో గుర్తుపెట్టుకుంటాను. పైన తేరిన చారు, పప్పుచారు, పులుసు, పచ్చడి. ఆకాశానికి చారు. కొండకి పప్పుచారు. దగ్గరి చెట్లకి పులుసు. పచ్చడి అంటే ట్యూబులోంచి తీసినట్టే, చివర్లో కాకినో, పడవ అంచునో అలా ఒక్కటి పెట్టడానికి. ఇప్పుడు అసలు సూత్రం. తడి మీద పెట్టేది ఎప్పుడూ అక్కడ ఉన్నదానికంటే చిక్కగా ఉండాలి. చారు పూత మీద పులుసు పెడితే అది మెత్తగా కుదురుకుంటుంది. పులుసు మీద చారు పోస్తే కాలీఫ్లవర్. ఈ ఒక్క ముక్క మొదటి ఏడాది ఎవరైనా చెప్పి ఉంటే నాకు కనీసం వంద కాగితాలు మిగిలేవి.

కాగితాల దగ్గరకి వచ్చాం కాబట్టి, ఇక్కడ కాస్త ఆగుతాను. కొత్తవాళ్లు ఎక్కువ తప్పు చేసేది ఇక్కడే. ఖరీదైన రంగులు కొంటారు, చవక కాగితం కొంటారు. తిప్పి చేయండి. స్టూడెంట్ రంగులైనా ఫరవాలేదు, కాగితం మాత్రం మంచిది కావాలి. జిరాక్సు కాగితం 75, 80 జీఎస్‌ఎం ఉంటుంది. అంటే చదరపు మీటరు కాగితం అన్ని గ్రాముల బరువు. నీళ్లరంగులకి 300 జీఎస్‌ఎం కావాలి. అంతకంటే పలచనైతే తడి తగలగానే అప్పడంలా వంకర్లు తిరుగుతుంది. పల్లాల్లో నీళ్లు నిలుస్తాయి, మిట్టలు ముందే ఆరిపోతాయి. అప్పుడు మీరెంత పద్ధతిగా పూత వేసినా మచ్చలే. తప్పు మీది కాదు, కానీ మీరు మీ చేతినే తిట్టుకుంటారు. అలా తిట్టుకుని మానేసినవాళ్లు నాకు తెలుసు.

రెండో సంగతి, కాగితం దేనితో చేశారన్నది. చెక్క గుజ్జుతో చేసింది చవక, పత్తితో చేసింది ఖరీదు. పత్తి కాగితం నీటిని తనలో పట్టి ఉంచుతుంది, మెరుపు నెమ్మదిగా, అంతటా ఒకేలా పోతుంది. తప్పు చేస్తే తడి కుంచెతో రంగు మళ్లీ తీయనిస్తుంది. ఖరీదు చూసి జంకొద్దు. పుస్తకంగా కుట్టింది కొనకుండా పెద్ద షీటు కొనండి. 22 అంగుళాలు, 30 అంగుళాలు ఉంటుంది. దాన్ని ఎనిమిది ముక్కలు చేస్తే ఒక్కొక్కటి ఏడున్నర, పదకొండు. పదహారు చేస్తే ఒక్కొక్కటి అయిదున్నర, ఏడున్నర. వెనక వైపు కూడా వాడుకోవచ్చు. అలా లెక్క వేస్తే ఒక్కో ముక్క మీద బెంగ పోతుంది. బెంగతో వేసిన బొమ్మ ఎప్పుడూ బాగా రాదు.

ఒక జాగ్రత్త. కాగితం తయారుచేసేటప్పుడు జిలటిన్ లాంటి గంజి పెడతారు, నీరు ఒక్కసారిగా ఇంకిపోకుండా. మన వర్షాకాలంలో బయట వదిలేసిన కాగితానికి ఆ గంజి చెడుతుంది. తర్వాత రంగు వేస్తే అక్కడక్కడ చుక్కలు చుక్కలుగా, బ్లాటింగ్ పేపరు మీద సిరా పడ్డట్టు పీల్చేస్తుంది. ప్లాస్టిక్ కవర్లో బిగించి, బీరువాలో పట్టుచీరల పక్కన పెట్టుకోండి. ఇంట్లో గొడవ అయితే నా పేరు చెప్పకండి. రంగుల డబ్బా కూడా తడి మీద మూత పెట్టేస్తే బూజు పడుతుంది. ఆరాకే మూయండి.

కుంచెల గురించి ఒక్క నిమిషం చాలు. గుండ్రటివి రెండు, ఒకటి 12వ నంబరు, ఒకటి 6. చివర సూదిగా చేరాలి. సింథటిక్‌వి చాలు. చదునుది ఒకటి, అంగుళం వెడల్పు. రెండు గ్లాసుల నీళ్లు, ఒకటి కడగడానికి, ఒకటి కలపడానికి. కుంచె తుడవడానికి పాత లుంగీ ముక్కని మించింది లేదు.

రంగులు ఆరు చాలు. అల్ట్రామెరీన్ నీలం, ప్రష్యన్ నీలం, క్రిమ్సన్ ఎరుపు, లెమన్ యెల్లో, యెల్లో ఓకర్, బర్న్‌ట్ సియెన్నా. డబ్బాలో తెలుపు, నలుపు వస్తాయి. వాటిని పక్కన పెట్టండి. ఇక్కడ తెలుపంటే కాగితమే. పడవ తెరచాప తెల్లగా కావాలంటే అక్కడ రంగు వేయకుండా వదలాలి. వెలుగు ఎక్కడుందో ముందే చూసుకుని, అది వదిలి మిగతాది వేయాలి. నూనెరంగులు వేసినవాళ్లకి ఇది మొదట్లో తలకిందులుగా అనిపిస్తుంది. నలుపు కావాలంటే అల్ట్రామెరీన్, బర్న్‌ట్ సియెన్నా కలపండి. ట్యూబులో నలుపు మసిలా చచ్చిపోయి ఉంటుంది. కలిపి చేసిన నలుపులో ఒక పక్క నీలం, ఒక పక్క ఎరుపు ఊపిరి తీస్తుంటాయి. వానకి ముందు బీచ్ రోడ్డు మీద మబ్బు రంగు అచ్చంగా అదే.

ఈ రంగుల్లో రంగుపొడిని పట్టి ఉంచేది ఏమిటో తెలుసా? తుమ్మజిగురు. గమ్ అరబిక్ అంటారు, ఆఫ్రికా తుమ్మది. మన తుమ్మకి దగ్గర చుట్టమే. చిన్నప్పుడు చెట్టు మీద నుంచి గిల్లి, నీళ్లలో నానబెట్టి పుస్తకాలు అతికించుకున్నాం చూడండి, ఆ జాతిదే. అందుకే ఆరిన కేకు మీద నీటిచుక్క వేస్తే మళ్లీ కరుగుతుంది.

బర్న్‌ట్ సియెన్నా గురించి చెప్పకుండా ఉండలేను. సియెన్నా అనేది ఇటలీలో ఊరు పేరు. అక్కడి పసుపుపచ్చ మట్టిని కాలిస్తే ఎర్రబడుతుంది. అందులో ఇనుము ఉంటుంది కాబట్టి. కుమ్మరి ఆవంలో కుండ ఎర్రబడేదీ అదే కారణం. మన భీమిలి రోడ్డులో ఎర్రమట్టి దిబ్బలు ఎరుపెక్కిందీ ఇనుము వల్లే. పొద్దున్నే ఆ దిబ్బల ముందు కూర్చుని వేస్తే ట్యూబులోంచి తీసిన రంగు కలపనవసరం లేకుండా సరిపోతుంది. మొన్నెవరో కుర్రాడు ఆ మట్టే తెచ్చి తుమ్మజిగురు కలిపి రంగు చేస్తానన్నాడు. ఆలోచన మంచిదే గానీ వద్దు బాబూ అన్నాను. అది రక్షణలో ఉన్న జాతీయ భూవారసత్వ స్థలం. ఇప్పటికే దాన్ని తవ్వుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. చూసి రంగు కలుపుకుందాం, తట్టలతో తేవద్దు.

రంగులన్నీ ఒకేలా ప్రవర్తించవని నాకు నేర్పింది హుద్‌హుద్ తుపాను. 2014 అక్టోబరు 12, ఆదివారం. మీలో ఇక్కడివాళ్లకి ఆ తారీఖు చెప్పక్కర్లేదు. మా ముందు గది కిటికీ అద్దాలు రెండూ పోయాయి. అప్పటికి మూడేళ్లుగా వేసినవన్నీ ఒక అట్టపెట్టెలో ఉండేవి. వాన నీళ్లలో మునిగాయి. కరెంటు లేదు, నీళ్లు లేవు. ఆ మాత్రం దానికి ఏడవడానికి సిగ్గేసింది. ఎవరింటి పైకప్పు వాళ్లది పోయి ఉంది. నాలుగో రోజు వాటిని ఒక్కొక్కటే విడదీసి దండెం మీద క్లిప్పులతో వేలాడదీశాను. అప్పుడు చూశాను. అల్ట్రామెరీన్‌తో వేసిన ఆకాశాలు చాలావరకు కడుక్కుపోయాయి, తెల్లటి మరకలు మిగిలాయి. ప్రష్యన్ నీలంతో వేసిన సముద్రాలు మాత్రం దాదాపు అలాగే ఉన్నాయి. అల్ట్రామెరీన్ రేణువులు కాస్త పెద్దవి, కాగితం గుంతల్లో కూర్చుంటాయి, తడిపితే లేస్తాయి. ప్రష్యన్ నీలం రేణువులు బాగా సన్నవి, నారల్లోకి దిగిపోతాయి. చీర మీద పడిన ఆవకాయ నూనె లాగా. అందుకే ఇప్పుడు నేను తర్వాత తుడిచి వెలుగు తీయాల్సిన చోట అల్ట్రామెరీన్, కదలకూడని చోట ప్రష్యన్ వేస్తాను.

ఇంకోటి కూడా జరిగింది. తుపాను తర్వాత కైలాసగిరి మీద ఆకు అనేది లేదు. కొండ కొండంతా కాలినట్టు గోధుమరంగు. నేను ఆ వారం అలవాటుగా బాల్కనీలో కూర్చుని కొండ వేశాను. పూర్తయ్యాక మా ఆవిడ చూసి, "ఇంకా పచ్చదనం ఎక్కడుందండీ?" అంది. తలెత్తి చూస్తే నిజమే. నేను కొండని చూడకుండా, కొండ అంటే ఆకుపచ్చ అన్న అలవాటుని వేశాను. మూడేళ్లుగా అదే చేస్తున్నానని అప్పుడు తెలిసింది.

కాగితం నీళ్లలో మునిగితే పాడవుతుందని ఇప్పటికీ చాలామంది భయపడతారు. కలకత్తాలో అవనీంద్రనాథ్ ఠాగూరు, ఆయన శిష్యులు కావాలనే ముంచేవాళ్లు. జపాను చిత్రకారులు 1903లో కలకత్తా వచ్చినప్పుడు వాళ్ల పద్ధతి చూసి, తమదైన వాష్ పద్ధతి తయారుచేసుకున్నారు. రంగు వేయడం, ఆరనివ్వడం, బొమ్మ మొత్తాన్ని నీళ్లలో ముంచడం, పైపైన ఉన్నది పోయి నారల్లో ఉన్నది మిగలడం, మళ్లీ వేయడం. ఆ మసకవెలుగు అలా వచ్చింది. ఆ రోజుల్లోనే మన రాజమండ్రిలో దామెర్ల రామారావు నీళ్లరంగుల్లో పనిచేశారు. 1897లో పుట్టి 1925లోనే పోయారు, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే. రాజమండ్రిలో ఆయన పేరున ఉన్న గ్యాలరీలో ఆ చిత్రాలు ఉన్నాయి. పొద్దున్న రైలెక్కితే సాయంత్రానికి చూసి వచ్చేయొచ్చు. ఫోనులో చూస్తే మాత్రం లాభం లేదు. కాగితం దగ్గరకి వెళ్లి, ఒక పొర కింద ఇంకో పొర ఎలా కనబడుతోందో చూడాలి. ఇంకా దగ్గరివాడు వడ్డాది పాపయ్య, వపా. అనకాపల్లి పక్కన కశింకోటలో ఉండేవారు. చందమామ అట్టల మీద ఆయన రంగులు చూస్తూ పెరిగినవాళ్లం మనం. ఆ అట్ట ఒకటి దొరికితే ముఖం సంగతి వదిలేసి, చీర మడతల్లో నీడ ఏ రంగులో వేశారో చూడండి. నలుపేనా, వేరే రంగా?

అన్నట్టు, మీ బొమ్మ చెడిపోతే చింపొద్దు. కుళాయి కింద పెట్టి, చదును కుంచెతో మెల్లగా కడగండి. 300 జీఎస్‌ఎం పత్తి కాగితమైతే తట్టుకుంటుంది. వెలిసిన బొమ్మ మిగులుతుంది. ఆరాక దాని మీదే వేయండి. నా దగ్గర ఫ్రేము కట్టించినవి నాలుగుంటే, అందులో రెండు కుళాయి కింద నుంచి వచ్చినవే.

ఏం వేయాలని అడుగుతారు. నేనైతే మొదట డాల్ఫిన్స్ నోస్ వేయమంటాను. ఆర్కే బీచ్‌లో కూర్చుంటే దక్షిణంగా కనబడుతుంది. కొండ ఒకే ఒక్క ఆకారం. సాయంత్రం సూర్యుడు మన కుడి పక్కన, పడమటి కొండల వైపు దిగిపోతాడు. అప్పుడు ఆ కొండలో చెట్టూ చేమా ఏవీ కనబడవు, ఒకే ముద్ద నీడ. ఆకాశానికి చారు పూత ఒకటి. ఆరనివ్వాలి, పూర్తిగా. కొండకి పప్పుచారు పూత ఒకటి, అదీ ఒక్కసారే. కింద సముద్రం. కుంచెని గుడ్డకి తుడిచి, పక్కవాటుగా పట్టుకుని గరుకు కాగితం మీద చకచకా లాగితే మధ్య మధ్య తెల్లచుక్కలు మిగులుతాయి. అవే అలల మెరుపు. మూడు పూతలు, రెండుసార్లు ఆగడం. ఇరవై సార్లు వేయండి. పదిహేనోది బాగుంటుంది. తర్వాతి అయిదు మళ్లీ చెడతాయి, గర్వం వల్ల.

ఫిషింగ్ హార్బర్‌కి మాత్రం మొదటి ఏడాది వెళ్లకండి. నేను వెళ్లాను కాబట్టి చెబుతున్నాను. వలలు, తాళ్లు, జెండాలు, ఒకదాని వెనక ఒకటి బోట్లు, చూస్తే నోరూరుతుంది. గంటన్నర చెమటోడ్చి ఒక బోటు వేశాను. పక్కన వల అల్లుకుంటున్న ముసలాయన లేచి వచ్చి చూసి, "ఏటి బాబూ, బోటు ములిగిపోతన్నట్టు గీసినావు?" అన్నాడు. నాకు మండింది. ఆయన ఊరుకోలేదు. "కాళీ బోటు ఇంత పైకి లెగుస్తాది. సరుకుంటే ఇక్కడికి దిగుతాది. ఈ బోటు కాళీదే కదా, సూడు" అని చేత్తో నీటిగీత చూపించాడు. చూశాను. బోటు అడుగు ఎర్రరంగు మూరెడు పైకి కనబడుతోంది. నేను ఆ ఎరుపుని నీళ్లలో కలిపేశాను. షిప్పింగులో ముప్ఫై ఏళ్లు పనిచేసినవాణ్ని! ఓడలో ఎన్ని టన్నులున్నాయో అది ఎంత లోతు మునిగిందో చూసే లెక్కగడతారు. కాగితాల మీద ఆ లెక్కలు రోజూ రాశాను. కంటితో ఒక్కసారీ చూడలేదు.

ప్రశ్నలు ఏమైనా ఉంటే అడగండి. చెప్పండమ్మా.

(ఒక శ్రోత: యూట్యూబ్ చూసి నేర్చుకోవచ్చా అండీ? నేను వాళ్లు చేసినట్టే చేస్తాను, అలా రాదు.)

నేర్చుకోవచ్చమ్మా, నేనూ చూస్తాను. కానీ ఒకటి గమనించండి. ఆకాశం వేస్తారు, ఠక్కున కట్. తర్వాతి క్షణంలో దాని మీద కొండ వేస్తుంటారు. ఆ కట్‌లో ఏం జరిగింది? ఆరింది. లేదా హెయిర్ డ్రయర్ పెట్టారు. మీరు చూడవలసిందంతా ఆ కట్‌లో పోయింది. మీరేమో మన విశాఖలో కూర్చుని, ఆయన మూడో సెకనులో కొండ వేశాడు కదా అని మీరూ వేసేస్తారు. అక్కడ కాలీఫ్లవర్. ఈసారి వీడియో ఆపి, కిటికీ వైపు తల వంచి మీ కాగితం మెరుపు చూసుకుని, చేతి వెనక ఆనించి, అప్పుడు మళ్లీ ప్లే నొక్కండి. హెయిర్ డ్రయర్ వాడొచ్చు, తప్పేం లేదు. మెరుపు పోయాక, దూరంగా పట్టుకుని వాడండి. మెరుపు ఉండగా పెడితే గాలికి నీళ్లు తోసుకుపోతాయి.

(ఇంకొకరు: మా పిల్లలకి స్కూల్లో పోస్టర్ కలర్స్ కొనమంటున్నారు. అవి, ఇవి ఒకటేనా?)

ఒకటి కాదండి. పోస్టర్ కలర్ కింద ఉన్నదాన్ని కప్పేస్తుంది. వీటిలో కింది పొర కనబడాలి, కాగితం వెలుగు పైకి రావాలి. పిల్లలకి పోస్టర్ కలర్సే మంచిది. ఆగమంటే ఆగరు కదా.

(మరొకరు: గీయడం అసలు రానివాళ్లం కూడా వేయొచ్చా?)

ఆ డాల్ఫిన్స్ నోస్ అంచు గీయగలరా? ఒక వంకర గీత. అది చాలు, ఆరు నెలలకి సరిపడా పని ఉంది.

టైమెంతయింది? పదకొండు ఇరవై. అంటే యాభై నిమిషాలు. మెరుపు ఎప్పుడో పోయింది, మీలో ఎంతమంది చూశారో తెలియదు. నేను చూస్తూనే ఉన్నాను, హార్బర్ ముసలాయన గురించి చెబుతున్నప్పుడు పోయింది. బాబూ, నువ్వు, ముందు వరసలో, ఇలా రా. చేతి వెనక ఆనించు. మెల్లగా. ఎలా ఉంది?

(చల్లగానే ఉంది సార్.)

చల్లగానే ఉందట. ఫ్యాన్లు ఇంకో పది నిమిషాలు వద్దండి, ఓర్చుకోండి. ఈలోపు బయట టీ పెట్టినట్టున్నారు, తాగి రండి.